నాన్న మారుతి మళ్లీ ఎర్రబడుతుందా?

ఈ నెల వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఆంధ్రా సరిహద్దు దాటాక ఒడిశాలో ఉన్న ఊళ్లవే. పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ, బరంపురం, జయపురం. అందరిదీ ఒకటే గోడు, బండి బాగానే నడుస్తోంది కానీ రంగు మాత్రం పోయింది అని. మొదటి ఉత్తరానికి జవాబు పొడుగైంది, ఏమీ అనుకోకండి, మిగతావాళ్ల సందేహాలు సగం అందులోనే తీరిపోతాయి.

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది పర్లాకిమిడి. మా నాన్నగారు 1998లో కొన్న ఎర్ర మారుతి 800 ఇంకా మా దగ్గరే ఉంది. ఇంజన్‌కి ఏ లోటూ లేదు, వారానికోసారి పాతపట్నం సంతకి వెళ్లొస్తాం. 2018లో తిత్లీ తుఫానుకి వేపకొమ్మ విరిగి బోనెట్ మీద పడితే అదొక్కటి బాగు చేయించి రంగు వేయించాం. ఆ బోనెట్ ఇప్పటికీ మెరుస్తోంది, తక్కిన బండంతా ఉల్లిపొర రంగులోకి దిగిపోయింది. రూఫ్ మీద చెయ్యి పెట్టి తీస్తే అరచేయి గులాబీ రంగు అవుతోంది. టింకరింగ్ షాపులో మొత్తం గీకేసి కొత్త పెయింటు కొట్టేద్దాం అంటున్నారు. నాన్న ససేమిరా అంటున్నారు, కంపెనీ రంగు పోతే అది నా కారే కాదంటున్నారు. ఇంట్లోనే మేమేమైనా చేసుకోగలమా?

జవాబు: తమ్ముడూ, అరచేయి గులాబీ రంగు అవుతోందని నువ్వు భయపడుతూ రాశావు కానీ, నీ ఉత్తరం మొత్తంలో మంచి కబురు అదే. సున్నం కొట్టిన పాత గోడకి ఆనుకుని లేస్తే చొక్కా వీపున తెల్లగా అంటుకుంటుంది చూడు, అచ్చం అదే జరుగుతోంది. పెయింటులో రంగు పొడి ఒకటి, ఆ పొడిని పట్టి ఉంచే రెజిన్ ఒకటి ఉంటాయి. ఏళ్ల తరబడి ఎండలో నిలబడితే ఎండలోని అతినీలలోహిత కిరణాలూ గాలిలోని ఆక్సిజనూ కలిసి పైపైన ఉన్న రెజిన్‌ని తినేస్తాయి. పట్టు తప్పిన రంగు పొడి పైకి తేలి కూర్చుంటుంది, ఆ గరుకు మీద పడ్డ వెలుతురు నలుదిక్కులా చెదిరిపోతుంది, అందుకే కంటికి పాలిపోయినట్టు కనిపిస్తుంది. ఎరుపుకి ఈ బాధ మరీ ఎక్కువ. పైన ఉన్నది చచ్చిన చర్మం, కింద ఎరుపు బతికే ఉంది.

నమ్మకం కుదరకపోతే రేపు పొద్దున్నే ఒక చెంబుడు నీళ్లు రూఫ్ మీద పోసి చూడు. తడి ఉన్నంతసేపూ 1998 నాటి ఎరుపు కనిపించి, ఆరగానే మళ్లీ ఉల్లిపొర అయిపోతే సగం కేసు గెలిచినట్టే. నీళ్లు ఆ గరుకుని కాసేపు పూడ్చాయన్నమాట, మనం చేయబోయేది అదే పనిని శాశ్వతంగా చేయడం, అంతకంటే పెద్ద విద్య ఏమీ లేదు. అలాగే డ్రైవరు తలుపు తెరిచి, తలుపు మూసుకునే చోట లోపలి అంచు తుడిచి చూడు. ఎండ ఎప్పుడూ తగలని చోటు అది. అక్కడ కనిపించే ఎరుపే నీ గురి, దాన్ని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకో, లేకపోతే పని మధ్యలో ఎంత వరకు వచ్చామో తెలియక టెన్షన్ పడతావు.

చేతికి రంగు అంటుతోందంటే ఇంకో సంగతి కూడా తేలింది, ఈ పెయింటు మీద క్లియర్ కోటు లేదు. ఆ కాలంలో సాదా రంగులకి చాలా బండ్లలో రంగే పైపొర, దాని మీద ఇంకేమీ ఉండేది కాదు. మెటాలిక్ రంగులకీ, ఇప్పటి బండ్లలో ఎక్కువవాటికీ రంగు మీద గాజులాంటి క్లియర్ పొర ఉంటుంది, అలాంటివాటిని రుద్దితే గుడ్డకి రంగు అంటకూడదు. అంటిందంటే క్లియర్ పొరని దాటి కిందికి వెళ్లిపోయారని అర్థం, అక్కడితో ఆపేయాలి. నీ బండికి మాత్రం గుడ్డ ఎర్రబడుతుంది, ఎర్రబడాలి కూడా. మీ అమ్మగారికి ముందే చెప్పు, ఇంట్లో ఎవరికో దెబ్బ తగిలిందనుకుంటారు.

ఇక జాగ్రత్త. కంపెనీ నుంచి వచ్చిన పెయింటు పొరలన్నీ కలిపినా దాదాపు 100 మైక్రాన్లు, అంటే మనం జెరాక్స్ తీసుకునే కాగితం మందం. అందులో రంగు కింద రేకుకి ముందుగా పట్టించే ప్రైమర్ పొరలు పోగా నీకు కనిపించే ఎరుపు సగం కాగితం కూడా ఉండదు. పాతికేళ్లలో ఎండ కొంత తినేసింది, డ్రైవర్లూ పిల్లలూ ఎండుగుడ్డతో దుమ్ము తుడిచి కొంత అరగదీశారు. మిగిలినదే మన ఆస్తి, ఒకసారి తీసేస్తే తిరిగి రాదు. అందుకే ఎంత తక్కువ తీస్తే సరిపోతుందో అంతే తీయాలి. మెరుపు నూటికి ఎనభై వచ్చాక ఆ మిగతా ఇరవై కోసం కక్కుర్తి పడకు.

ఈ కక్కుర్తి కథ నాకు అనుభవమే. చాలా ఏళ్ల క్రితం మా తెల్ల మారుతి వ్యానుని, మే నెల, మధ్యాహ్నం పన్నెండింటికి, పక్కింట్లో అడిగి తెచ్చుకున్న డ్రిల్లుకి ఉన్ని చక్రం తగిలించి మెరిపిద్దామని కూచున్నాను. రేకు చెయ్యి కాలేంత వేడిగా ఉంది. మందు రాసీ రాయకముందే ఎండిపోతోంది, ఎండిపోతోందని నేను ఇంకా గట్టిగా నొక్కుతున్నాను. ముందు తలుపు మీద గీతలాగా ఒక మడత ఉంటుంది కదా, చక్రం దాని మీద పది సెకన్లు ఆగిందేమో, తీసి చూస్తే రూపాయి బిళ్లంత బూడిద రంగు ప్రైమర్. మడతల దగ్గరా అంచుల దగ్గరా పెయింటు పలచగా ఉంటుందని, చక్రం బరువంతా ఆ సన్నటి గీత మీదే పడుతుందని అప్పుడు తెలీదు. ఆ బిళ్ల మీద టచప్ రంగు వేశాను కానీ బండి అమ్మేదాకా నా కన్ను ముందు అక్కడికే పోయేది. కాబట్టి తమ్ముడూ, డ్రిల్లు వద్దు, ఎండ వద్దు. మారుతి 800 అంత చిన్న బండికి రెండు చేతులూ రెండు ఆదివారాలూ చాలు.

నవంబరు నుంచి ఫిబ్రవరి లోపల, పొద్దున్న పూట, నీడలో పెట్టుకుని మొదలుపెట్టు. ముందు కార్ షాంపూతో కడుగు, గిన్నెలు తోమే లిక్విడ్ వద్దు. రెండు బకెట్లు పెట్టుకో, ఒకదాంట్లో షాంపూ నీళ్లు, ఒకదాంట్లో ఉత్త నీళ్లు. గుడ్డని బండి మీద తిప్పాక ఉత్త నీళ్లలో జాడించి అప్పుడు షాంపూలో ముంచు, లేకపోతే తీసిన ఇసుకనే మళ్లీ బండికి రుద్దినట్టు అవుతుంది. కడిగి ఆరబెట్టాక, కూరగాయలకి ఇచ్చే పల్చటి పాలిథిన్ కవరు చేతికి తొడుక్కుని రూఫ్ మీద మెల్లిగా నిమిరి చూడు. ఉత్త చేతికి నున్నగా అనిపించిన చోట కూడా కవరులోంచి రవ్వ రవ్వగా తగులుతుంది. అది పెయింటులో దిగబడిపోయిన మురికి, ఎంత కడిగినా పోదు. దానికి క్లే బార్ అని మెత్తటి మట్టిముద్దలాంటిది కార్ల సామాను కొట్లలో దొరుకుతుంది, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతుంది. బండి మీద షాంపూ నీళ్లు చల్లుకుంటూ, ముద్దని అరచేతిలో బిళ్లలా చేసి, బలం పెట్టకుండా జార్చాలి. మొదట గరగరా శబ్దం వస్తుంది, కాసేపటికి శబ్దం ఆగి చెయ్యి జారిపోతుంది, అదే గుర్తు. ముద్ద మురికైతే మడిచి లోపలి వైపు బయటికి తిప్పుకో. కింద పడిందా, పారెయ్, డబ్బులు పోయాయని ఏడవకు. అందులో ఒక్క ఇసుక రేణువు ఇరుక్కున్నా నీ రూఫ్ మీద ముగ్గు వేస్తుంది.

తరవాత మాస్కింగ్ టేపు. తలుపుల అంచులు, ఆ మడతలు, అద్దాల చుట్టూ రబ్బర్లు, నల్ల ప్లాస్టిక్ బంపర్లు అన్నీ కప్పేయి. నల్ల ప్లాస్టిక్ మీద పాలిష్ పడి ఎండితే తెల్ల మచ్చ అయి కూర్చుంటుంది, దాన్ని వదిలించడం కారు పాలిష్ చేయడం కంటే కష్టం.

ఇప్పుడు అసలు పని. నేరుగా రూఫ్ ఎక్కకు. వెనక చక్రం పైన, ఎవరి కంటా పడని చోట ఒక అడుగు చదరం టేపుతో గీసుకుని అక్కడ ప్రయోగం చెయ్యి. మొదట మెత్తటి పాలిష్, దానితో పని జరగకపోతేనే రబ్బింగ్ కాంపౌండ్. మన టింకరింగ్ షాపుల్లో ముందే గరుకు కాంపౌండ్ డబ్బా తెరుస్తారు, వాళ్లకి సాయంత్రానికల్లా బండి ఇచ్చేయాలి కాబట్టి. నీకా తొందర లేదు. ఫోమ్ ప్యాడ్ మీద శనగగింజంత చుక్కలు మూడు పెట్టి, ముందు అడ్డంగా, తరవాత నిలువుగా, ఒక మోస్తరు బలంతో నిమిషమో రెండు నిమిషాలో రుద్ది, ఎండకముందే మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచెయ్యి. గుడ్డ మీద ఎరుపు పేరుకుంటుంది కదా, రెండు మూడు తుడుపులకోసారి గుడ్డ మడత మార్చు, ప్యాడ్ కడుగు. చచ్చిన పొడి నిండిన ప్యాడ్‌తో రుద్దడమంటే అదే పొడిని తిరిగి పూయడం. చాలామందికి రంగు తేలకపోవడానికి కారణం ఇదే, మందు మంచిది కాదని మందుని తిడతారు.

మన పర్లాకిమిడిలో కొమ్ము బొమ్మలు చేసేవాళ్ల దగ్గర ఎప్పుడైనా కూర్చున్నావా? మొదట మట్టి పట్టిన మొద్దు కొమ్ము, గరుకు నుంచి నునుపుకి ఒక్కో మెట్టే వెళ్లి చివరికి దాన్ని అద్దంలా చేస్తారు. ఏ మెట్టులో ఎప్పుడు ఆపాలో వాళ్ల వేళ్లకి తెలుసు. నువ్వు నేర్చుకోవాల్సింది ఆ ఆపడమే. రుద్దుతున్న చోట ఎరుపు కాకుండా బూడిదో, గోధుమో, ఇంకే రంగో మసగ్గా తొంగిచూస్తే చెయ్యి తీసెయ్, అది ప్రైమర్.

పెయింటు మరీ ఎండిపోయినట్టుంటే ఒక పాత పద్ధతి ఉంది, క్లియర్ కోటు లేని బండ్లకే పనికొస్తుంది. నూనెపాలు ఎక్కువగా ఉన్న గ్లేజ్‌లు దొరుకుతాయి, మెగ్వయర్స్ నంబర్ 7 లాంటివి. కాంపౌండ్ జోలికి వెళ్లకముందు దాన్ని ధారాళంగా పట్టించి, రాత్రంతా వదిలేసి, మర్నాడు రుద్ది తుడిచేయాలి. ఎండిన చర్మానికి నూనె పట్టించినట్టే, ఆ పొర నూనె పీల్చుకుని రంగు లోతుగా కనిపిస్తుంది, తరవాత రుద్దినప్పుడు కూడా తక్కువ అరుగుతుంది. గ్లేజ్ ఒక్కటీ రాసి వదిలేస్తే మాత్రం ఆ అందం నాలుగు వానలు కూడా ఆగదు, పైన వ్యాక్స్ పడాల్సిందే.

వ్యాక్స్ గురించి ఎక్కువ చెప్పేది లేదు. పల్చగా రాయి, మసకబారేదాకా ఆగు, తుడిచెయ్. మందంగా రాస్తే రక్షణ ఎక్కువేమీ రాదు, చేతులు మాత్రం నొప్పెడతాయి. రెండు మూడు నెలలకోసారి వెయ్యి, రూఫ్‌కీ బోనెట్‌కీ ఇంకొంచెం బేగి, ఎండ నెత్తిన పడేది వాటికే. వ్యాక్స్ వేయడం మానేస్తే ఏడాదిలో మళ్లీ ఉల్లిపొర మొదలవుతుంది, క్లియర్ కోటు లేని బండికి ఇంకో గొడుగు లేదు.

మిగిలింది తుఫాను బోనెట్. అది కొత్త పెయింటు కాబట్టి దాని లెక్క వేరు. తెల్లగుడ్డకి కాస్త పాలిష్ పెట్టి ఒక మూల రుద్ది చూడు, రంగు అంటకపోతే పైన క్లియర్ ఉన్నట్టే, అలాంటప్పుడు దాన్ని ముట్టుకోకు, వ్యాక్స్ ఒక్కటే రాయి. అసలు ప్రశ్న ఏమిటంటే 2018లో పెయింటరు రంగు దేనికి కలిపాడు? కంపెనీ రంగుకి కలిపితే తలుపు లోపలి అంచుతో సరిపోతుంది, పని అయ్యాక బండంతా ఒక్క రంగవుతుంది. అప్పటికే వెలిసి ఉన్న బండిని చూసి కలిపాడా, అప్పుడు బండి ఎర్రబడి బోనెట్ ఒక్కటీ పాలిపోయి కనిపిస్తుంది. ముందే పోల్చి చూసుకుంటే తరవాత ఉలిక్కిపడవు. అదే జరిగితే బోనెట్ ఒక్కదానికే మళ్లీ రంగు వేయించుకో, నాన్నగారికి అభ్యంతరం ఉండదు, అది ఎలాగూ కంపెనీ రంగు కాదు.

ప్రశ్న: పాత పెయింటుని పట్టుకుని ఇంత వేలాడడం దేనికండీ? మొత్తం కొత్త రంగు కొట్టించేస్తే గొడవ వదిలిపోతుంది కదా. గుణుపూర్‌లో రిటైరైన టీచర్ని, నా దగ్గరా ఒక పాత బండి ఉంది.

జవాబు: మాస్టారూ, పెయింటరు మంచివాడైతే మీ మాట కొట్టిపారేయలేం. కానీ ఫ్యాక్టరీలో జరిగేదీ షాపులో జరిగేదీ ఒకటి కాదు. ఫ్యాక్టరీలో ఇంకా సీట్లూ వైర్లూ రబ్బర్లూ బిగించని ఉత్త రేకు బాడీని ప్రైమర్ తొట్టిలో ముంచి కరెంటు పంపిస్తారు, రంధ్రాల్లోకి, మడతల లోపలికి కూడా ఆ పొర పట్టేస్తుంది. పైరంగుని దాదాపు 140 డిగ్రీల దగ్గర కాలుస్తారు. మీ బండిని షాపులో అంత వేడిలో పెడితే రబ్బర్లూ ప్లాస్టిక్కులూ ఏమవుతాయో చెప్పక్కర్లేదు, అందుకే పెయింటు వేయడానికి మూసి ఉన్న మంచి గది, అంటే బూత్, ఉన్న షాపులో కూడా 60 డిగ్రీల దగ్గరే ఆరబెడతారు. మన ఊళ్లలో చాలాచోట్ల ఆ బూత్ కూడా ఉండదు, చింతచెట్టు కింద ఆరుతుంది, దోమలతో సహా.

మొత్తం గీకించినప్పుడు అసలు ప్రమాదం ఇంకోటుంది. కింద బాగున్న ఫ్యాక్టరీ ప్రైమర్ని కూడా గీకేస్తారు, దాని మీద పుట్టీ, దాని మీద రంగు. మొదటి ఏడాది పెళ్లికొడుకులా ఉంటుంది. తరవాత తలుపుల కింది అంచున చిన్న బుడగలు, బుడగ కింద తుప్పు. నాకు తెలిసిన ఒకాయన బండి మూడో వానాకాలానికి ఈ గతికే వచ్చింది, షాపువాళ్లని అడిగితే మీ ఊరి నీళ్లు మంచివి కావన్నారట. పాత పెయింటు నిజంగా చచ్చిపోయి, రేకు బయటపడి, తుప్పు మొదలైన చోట రంగు వేయించాల్సిందే, దానికి నేను అడ్డు చెప్పను. వెలిసిపోయింది అనే ఒక్క కారణానికి మాత్రం గీకించకండి. మీరు వేరే రంగు వేయించాలనుకుంటే ఆర్‌సీలో కూడా ఆ మార్పు రాయించుకోవాలి, ఆ తిరుగుడు కూడా లెక్కేసుకోండి. ఇంకొకటి, సిలికాన్ ఉన్న పాలిష్‌లు వాడి ఉంటే పెయింటరుకి ముందే చెప్పండి. సరిగ్గా తుడవకపోతే కొత్త రంగులో చేపకళ్లలాంటి గుంటలు పడతాయి.

ప్రశ్న: మాది రాయగడ, స్టేషన్‌కి దగ్గర్లోనే ఇల్లు. మా తెల్ల కారు మీద నిండా చిన్న చిన్న నారింజ రంగు చుక్కలు వచ్చాయి, కడిగితే పోవడం లేదు. పెయింటు లోపలి నుంచి తుప్పు పట్టిందేమోనని భయంగా ఉంది. మా అబ్బాయి బ్లేడుతో గీకితే రెండు మూడు వచ్చాయి.

జవాబు: అమ్మా, ముందు అబ్బాయి చేతిలో బ్లేడు తీసుకోండి. లోపలి నుంచి వచ్చిన తుప్పు ఇన్ని చుక్కలుగా బండంతా ఒకేలా రాదు, ఎక్కడో అంచునో, రాయి తగిలిన చోటో మొదలై బుడగ కడుతుంది. మీ బండి మీద ఉన్నది పైనుంచి పడినది. రైలు బ్రేకు వేసినప్పుడల్లా చక్రాల నుంచీ పట్టాల నుంచీ సన్నటి ఇనుప రజను లేస్తుంది, గాలికి వచ్చి పెయింటు మీద దిగబడుతుంది, రాత్రి మంచుకి తడిసి అక్కడే తుప్పు పడుతుంది. దీన్ని రైల్ డస్ట్ అనే అంటారు. రాయగడ జంక్షన్ పక్కనే ఇల్లంటే ఇక చెప్పేదేముంది. ఎర్ర బండికైనా వస్తుంది కానీ తెల్ల బండి మీద దాగదు.

ఐరన్ రిమూవర్ అని స్ప్రే దొరుకుతుంది. బండి చల్లగా ఉన్నప్పుడు నీడలో కొట్టండి, ఇనుము ఉన్న చోటల్లా ఊదా రంగు కన్నీళ్లు కారతాయి. కుళ్లిపోయిన కోడిగుడ్డు వాసన కూడా వస్తుంది, భయపడకండి, అది దాని గుణం. ఎండిపోనివ్వకుండా డబ్బా మీద రాసినంతసేపే ఉంచి బాగా కడిగేయండి. మిగిలిపోయిన చుక్కలకి పైన పర్లాకిమిడి తమ్ముడికి చెప్పిన క్లే ముద్ద. చేతులకి గ్లవ్స్ వేసుకోండి. బ్లేడు గీసిన చోట గీత లోతుగా ఉంటే టచప్ వేయించండి. ఆర్నెల్లకోసారి ఇదే పని చేసుకోవాలి, స్టేషన్ని జరపలేం కదా, కవరు కప్పితే మాత్రం సగం తగ్గుతుంది. కవరు కప్పేముందు బండి కడిగి ఉండాలి, దుమ్ము మీద కవరు వేస్తే గాలికి అది ఊగి ఊగి గీతలు పెడుతుంది.

ప్రశ్న: బరంపురం నుంచి రాస్తున్నా సార్. గోపాల్‌పూర్ దగ్గర ఉద్యోగం, రోజంతా బండి సముద్రపు గాలిలోనే. పాత సిల్వర్ కారు, రూఫ్ మీద పొరలు పొరలుగా లేస్తోంది. మంచి కాంపౌండ్ పేరు చెప్పండి.

జవాబు: చెప్పను, ఎందుకంటే ఏ కాంపౌండూ పనిచేయదు. సిల్వర్ మెటాలిక్ రంగు, దాని మీద క్లియర్ కోటు తప్పకుండా ఉంటుంది. మీ బండికి ఊడుతున్నది ఆ క్లియర్ పొరే, ఎండకి కాలిన వీపు మీద చర్మం లేచినట్టు. పోయిన పొరని పాలిష్‌తో పుట్టించలేం, మీరు రుద్దినకొద్దీ అంచులు ఇంకా లేచి మచ్చ పెద్దదవుతుంది. మసకగా ఉన్నదీ ఊడిపోతున్నదీ రెండూ ఒకటి కావు, గోరుకి అంచు తగులుతోందంటే పాలిష్ కాలం దాటిపోయినట్టే. రూఫ్ ఒక్కటీ సాపు చేయించి, రంగూ దాని మీద క్లియరూ వేయించండి. పక్కవాటికి ఇంకా రాలేదంటే వాటికి ఇవాళే వ్యాక్స్ మొదలుపెట్టండి. ఉప్పు గాలి పెయింటుని నేరుగా ఊడదీయదు కానీ, పొర ఊడిన చోటా గీత పడిన చోటా రేకు కనిపిస్తే తుప్పుని పరుగెత్తిస్తుంది, కాబట్టి రెండు రోజులకోసారి ఉత్త నీళ్లు పోసి కడిగించండి, చక్రాల పైన ఉండే గూళ్లతో సహా.

ప్రశ్న: వెలిసిన పాత బండికి సిరామిక్ కోటింగ్ వేయించమంటున్నారు, వేయించనా? జయపురం.

జవాబు: సిరామిక్ కోటింగ్ అంటే పెయింటు మీద వేసే గట్టి రక్షణ పొర. వెలిసిన దాని మీద వేస్తే వెలిసిన రంగే గట్టిగా నిలబడిపోతుంది. ముందు రంగు తేలాలి. తేలాక మీ దగ్గర డబ్బులుంటే వేయించుకోండి, లేకపోతే వ్యాక్స్ చాలు.

ప్రశ్న: అన్నయ్యా, మాదీ జయపురమే. మా ఆయన ప్రతి ఆదివారం కారుకి కిరసనాయిలు పూసి తుడుస్తారు, పండగలకి కొబ్బరి నూనె. అద్దంలా మెరుస్తుంది, మంగళవారానికల్లా మళ్లీ మామూలే. నేను వద్దంటే వినరు. టూత్‌పేస్ట్ కూడా ఒకసారి అయింది.

జవాబు: చెల్లెమ్మా, మెరవడం నిజమే, చెంబుడు నీళ్లు పోసినా అలాగే మెరుస్తుంది, కారణం కూడా అదే. నూనె ఆ గరుకుని రెండు రోజులు పూడుస్తుంది, ఈలోగా రోడ్డు మీద దుమ్మంతా దాన్ని అంటుకుంటుంది, వచ్చే ఆదివారం మీ ఆయన ఆ దుమ్మునే గుడ్డతో రుద్దుతారు. అంటే వారం వారం సన్నటి ఇసుకతో తోముతున్నట్టే. తారు మచ్చలు పడినప్పుడు గుడ్డ మూలకి కాస్త కిరసనాయిలు తీసుకుని మచ్చ వరకే తుడిచి వెంటనే షాంపూతో కడిగితే పర్వాలేదు, అంతకు మించి దానికి కారుతో పని లేదు. టూత్‌పేస్ట్‌లో సన్నటి గరుకు పదార్థం ఉంటుంది, పసుపెక్కిన ప్లాస్టిక్ హెడ్‌లైట్ మీద రుద్దితే కాస్త తెల్లబడుతుంది, అదీ కొన్నాళ్లే. బండంతా దానితో తోమాలంటే ట్యూబులకయ్యే డబ్బుతో మంచి పాలిష్ డబ్బాయే వస్తుంది.

ఆయన వినరన్నారు కదా, ఒక పని చేయండి. వచ్చే ఆదివారం బోనెట్‌కి మధ్యలో టేపు అంటించి, ఎడమ సగం ఆయనకి వదిలేయండి, కొబ్బరి నూనె పూసుకోనివ్వండి. కుడి సగం మీరు కడిగి, పైన చెప్పినట్టు పాలిష్ పట్టి వ్యాక్స్ రాయండి. టేపు తీసేసి ఏమీ మాట్లాడకుండా బుధవారం దాకా ఆగండి. ఏ సగం ఎలా ఉందో, ఆయనేమన్నారో మాకు రాయండి.